మైలాపూర్ ఇంట్లో ఆత్తంగుడి గచ్చు: సీలర్ పని డైరీ

చెన్నై మైలాపూర్‌లో ఒక తెలుగు కుటుంబం ఉంటున్న పాత ఇల్లు, కింది వాటా. హాలు 18 × 14 అడుగులు, వీధి వరండా 18 × 6, పూజగది 6 × 6. మొత్తం 396 చదరపు అడుగులు, అంటే సుమారు 37 చదరపు మీటర్లు. అన్నీ 8 అంగుళాల టైల్సే, లెక్కకు 891. ఈశాన్య రుతుపవనాల తడి తగ్గాక, ఫిబ్రవరి రెండో వారంలో పని మొదలుపెట్టాం: పాత పూత తీసి, మరక దిగకుండా గచ్చుకి సీలర్ అనే మందు వేయడం. ఉగాదికి గచ్చు అప్పగించాలి.

రోజు 1

గచ్చు మీద ఇదివరకు ఎవరో మెరుపు కోసం పూత వేయించారు. హాలు మధ్యలో అది పసుపుపచ్చగా మారింది. వరండా గోడ వెంట రెండు వరసలు తెల్లగా మసకబారి, చింతగింజంత పెచ్చులుగా లేస్తున్నాయి. పెచ్చు కింద వేలితో రాస్తే సన్నని తెల్ల పొడి అంటుకుంటోంది. ఇంటివాళ్ళు టైల్స్ పాడయ్యాయనుకుంటున్నారు. పాడైంది పూత. టైల్ బాగానే ఉంది.

ఈ టైల్ తయారీ తెలిస్తే మిగతా పనికి కారణం తెలుస్తుంది. శివగంగ జిల్లాలో కారైక్కుడి దగ్గర ఆత్తంగుడి ఊళ్ళో వీటిని చేత్తో పోస్తారు. గాజు పలక మీద లోహపు అచ్చు పెట్టి, గడుల్లో రంగు కలిపిన సిమెంటు జావ పోసి, అచ్చు ఎత్తేసి, పైన పొడి ఇసుక సిమెంటు చల్లి, ఆపైన తడి మాలు నింపుతారు. తర్వాత నీళ్ళలో నానబెడతారు. బట్టీలో కాల్చరు. మెరుపు గాజు పలక నుంచి వచ్చిందే తప్ప పైన వేసిన గ్లేజు కాదు. కాబట్టి ఇది నీళ్ళు, నూనె తాగే వస్తువు. సిమెంటు ఫ్లోరింగ్ టైల్స్‌కి నీటి పీల్పు 10 శాతం వరకు ఉండొచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 1237 ఒప్పుకుంటుంది. విట్రిఫైడ్ టైల్‌కి అది 0.5 శాతం లోపే. ఆ రెండింటికీ ఒకే మందు, ఒకే మాపు పనికిరావని ఇక్కడే తేలిపోతుంది.

పూత ఏ రకమో తెలుసుకోవడానికి జైలీన్ అనే ద్రావకంలో ముంచిన దూదిని దివాన్ కింద ఒక టైల్ మీద రెండు నిమిషాలు పెట్టి చూశాం. మెత్తబడి జిగురుగా వచ్చింది, అంటే యాక్రిలిక్. పాలియురెథేన్ అయితే ఇంత తేలిగ్గా కరగదు, తీయడం రెట్టింపు పని.

టైల్స్ అన్నింటినీ రూపాయి బిళ్ళతో తట్టుకుంటూ వెళ్ళాం. గుల్ల శబ్దం వచ్చినవి 19. అందులో కదులుతున్నవి, పగిలినవి 7. మిగిలిన 12 గుల్లగా పలికినా గట్టిగా కూర్చున్నాయి, అవసరం పడితే తప్ప వాటిని ముట్టుకోం. పాత టైల్‌ని పీకితే అది క్షేమంగా వస్తుందన్న నమ్మకం లేదు, పక్క టైల్ అంచు కూడా పోతుంది.

సాయంత్రం 18 అంగుళాల చదరపు పాలిథీన్ షీట్లు ఆరింటిని నాలుగువైపులా టేపు వేసి అతికించాం: హాల్లో మూడు, వరండాలో రెండు, పూజగదిలో ఒకటి. అతికించే చోట పూతను ముందే చెరిపేశాం, లేకపోతే షీటు పూత మీది సంగతి చెబుతుంది తప్ప కింది చెమ్మ సంగతి చెప్పదు. కాంక్రీటు చెమ్మ చూడటానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం చెప్పిన డి4263 పద్ధతి ఇదే. కనీసం 16 గంటలు ఉంచాలి.

రోజు 2

హాలు మూడు షీట్లూ పొడిగా ఉన్నాయి. పూజగదిది కూడా పొడే. వరండాలో గోడ పక్క షీటు లోపల ముత్యాల్లా నీటి బొట్లు, కింద టైల్ రంగు ముదిరింది. మెట్ల వైపు షీటు పొడి. అంటే చెమ్మ నేలంతటా లేదు, గోడ దగ్గరి నుంచే వస్తోంది.

బయటికి వెళ్ళి చూస్తే కారణం కనబడింది. గోడకు ఆనించి పూల మడి. ఏళ్ళ తరబడి మట్టి, ఎరువు పోస్తూ పోయేసరికి మడి మట్టం వరండా గచ్చు కంటే మూడు అంగుళాలు ఎత్తుకు చేరింది. పై వాటా ఏసీ నీటి పైపు తిన్నగా ఆ మడిలోకే కారుతోంది. పాత ఇంటికి నేల కింద చెమ్మ ఆపే పొర లేదు. తడి గోడలోంచి గచ్చు కింది మాలులోకి, అక్కడి నుంచి టైల్ పైకి పాకుతోంది. పైన యాక్రిలిక్ పొర అడ్డం ఉండటంతో బయటికి పోలేక అక్కడే ఆగి, పూతను తెల్లబరిచి, ఉప్పుతో పైకి నెట్టేసింది. పెచ్చు కింది తెల్ల పొడి ఆ ఉప్పే.

ఇలాంటి చోట ఎంత ఖరీదైన సీలర్ వేసినా ఏడాదిలో ఇదే కథ. గచ్చుకి పైన మూత వేయకూడదు. ముందు నీటిని ఆపాలి, తర్వాత తడి ఆరే దారి ఉంచి మరక మాత్రం దిగకుండా చూసుకోవాలి. ఈ పని మొత్తానికి మూలసూత్రం ఇదే.

రోజు 3

మడి మట్టి తొమ్మిది అంగుళాలు తీయించాం, ఇప్పుడు అది గచ్చు మట్టానికి ఆరు అంగుళాలు కింద ఉంది. మొక్కల్ని కుండీల్లోకి మార్చాం. ఏసీ పైపుకి ఎనిమిది అడుగుల పీవీసీ గొట్టం కలిపి నీళ్ళు కాలువలోకి పంపాం. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. పని మొత్తంలో ఒక్కటే చేయగలిగితే చేయాల్సింది ఇది.

రోజులు 4–7: పాత పూత తీయడం

బెంజైల్ ఆల్కహాల్ జెల్ స్ట్రిప్పర్ వాడాం. జైలీన్ చవక, కానీ దాని ఆవిరి అంటుకుంటుంది, తలనొప్పి తెస్తుంది. ఇంట్లో మనుషులుండగా 400 చదరపు అడుగులకు అది పనికిరాదు. జెల్ ఆవిరి అంతగా లేకపోయినా నిప్పు మాత్రం వద్దే వద్దు. పూజగదిలో నిత్యదీపం ఉంది. "దీపం ఆర్పమంటే ఎట్లా నాయనా?" అన్నారు బామ్మగారు. ఆర్పనక్కర్లేదు, పై వాటాకి మార్చాం. నాలుగు రోజులు అక్కడే వెలిగింది.

ఒక్కోసారి పది చదరపు అడుగులు. బ్రష్‌తో జెల్ మందంగా రాసి, పాలిథీన్ కప్పి, 40 నిమిషాలు వదిలి, ప్లాస్టిక్ స్క్రాపర్‌తో తోసేయాలి. స్టీలు బ్లేడు పట్టొద్దు. గాజు మెరుపు మీద గీత పడితే మళ్ళీ పోదు. కరిగిన పూత తీసేశాక వెచ్చని నీళ్ళలో పిండిన గుడ్డతో రెండుసార్లు, వెంటనే వెట్ వాక్యూమ్. నీళ్ళు గుమ్మరించి కడిగితే ఆ నీరంతా టైల్ తాగుతుంది, ఆరబెట్టడానికి ఇంకో వారం పడుతుంది.

హాలు మధ్యలో పూత మూడు పొరలుంది. అక్కడ రెండుసార్లు రాయాల్సి వచ్చింది. మొత్తం జెల్ 9 లీటర్లు.

ఆమ్లం వాడితే సులువు కదా అని ఇంటివాళ్ళు అడిగారు. యాక్రిలిక్‌ని ఆమ్లం కరిగించదు, సిమెంటుని మాత్రం తినేస్తుంది. బాత్రూమ్ యాసిడ్ ఒక్కసారి పోస్తే చాలు, రంగు పొర సుద్దబల్లలా గరుకెక్కుతుంది. దానికి తిరుగు లేదు.

రోజు 8: ఏడు టైల్స్ మార్పు

కొత్తవి ఆత్తంగుడి నుంచి అదే అచ్చుతో వచ్చాయి. పాత ఎరుపు మెత్తబడింది, కొత్త ఎరుపు కొట్టొచ్చినట్టుంది. అందుకే కొత్తవాటిని నడవలో పెట్టలేదు. బీరువా కింద, దివాన్ కింద ఉన్న గుల్ల టైల్స్‌లో క్షేమంగా ఊడి వచ్చినవి ఐదు దొరికాయి. వాటిని కనబడే చోట వేసి, కొత్తవి ఆ ఖాళీల్లో వేశాం. మిగిలిన రెండు కొత్తవి తలుపు వెనక.

పగిలిన టైల్ తీయడానికి నడిమధ్యలో డ్రిల్‌తో చిల్లు వేసి, అక్కడి నుంచి అంచుల వైపు సన్న ఉలితో తొలుచుకు రావాలి. అంచు నుంచి మొదలుపెడితే దెబ్బ పక్క టైల్‌కి తగులుతుంది. ఈ గచ్చులో జాయింట్ వెంట్రుకంత, గ్రైండర్ బ్లేడు దూరదు. విరిగిన ముక్క అడ్డకోతలో రంగు పొర కొలిస్తే 3 మిల్లీమీటర్లు. ఇది గుర్తుంచుకోవాల్సిన అంకె. పాలిష్ పేరుతో గరుకు రాయి తిప్పితే తినేది ఈ మూడు మిల్లీమీటర్లనే.

అడుగున 1:4 సిమెంటు మాలు 20 మిల్లీమీటర్లు వేసి, టైల్ వీపు తడిపి, పలుచగా సిమెంటు పాలు రాసి, రబ్బరు సుత్తితో మెల్లగా కూర్చోబెట్టాం. ముఖం మీద పడిన మాలుని అప్పటికప్పుడే తుడవాలి. కొత్త మాలు ఆరడానికి 28 రోజులు ఇవ్వాలి, కాబట్టి సీలర్ తేదీ రోజు 36 కంటే ముందుకి జరగదు.

రోజులు 9–16: ఉప్పు, నూనె, పసుపు

వరండా ఉప్పుని మొదట పొడిగానే తీయాలి. నైలాన్ బ్రష్‌తో రుద్ది వాక్యూమ్ చేశాం. నీళ్ళతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికి దిగుతుంది, ఆరాక మళ్ళీ పైకి వస్తుంది. "తుడిచిన కొద్దీ వస్తోంది" అనే ఫిర్యాదుకి కారణం అదే. పొడిగా తీశాక మిగిలినదానికి కాగితపు గుజ్జుని ఆర్వో నీళ్ళలో నానబెట్టి, అర అంగుళం మందాన పరిచి, కప్పకుండా పూర్తిగా ఆరనిచ్చాం. ఆరేటప్పుడు ఉప్పు గుజ్జులోకి ఎక్కుతుంది. రెండు విడతలకి తేడా స్పష్టంగా తెలిసింది.

ఇక్కడ ఇంకో సంగతి బయటపడింది. ఇంట్లో ఆర్వో మెషిన్ వదిలేసే నీటిని పారబోయకుండా గచ్చు తుడవడానికి వాడుతున్నారు. నీటిని పొదుపు చేయాలన్న ఉద్దేశం మంచిదే. కానీ నీటిలో కరిగిన లవణాలను లీటరుకి మిల్లీగ్రాముల్లో చూపే టీడీఎస్ మీటర్ పెడితే బోరు నీరు 1,350, తాగే నీరు 80, వదిలేసే నీరు 2,100 చూపించింది. 10 లీటర్ల బకెట్లో 21 గ్రాముల లవణాలన్నమాట. గచ్చు మీద మిగిలేది అందులో కొంతే అయినా, రోజూ తుడిస్తే ఏడాదికి పేరుకునేది తక్కువేం కాదు. ఆ నీరు బాత్రూమ్ ఫ్లష్‌కి వాడుకోవచ్చు, సిమెంటు టైల్ మీద మాత్రం వద్దు.

పూజగదిలో దీపపు కుందె కింద నువ్వుల నూనె మరక, జానెడు వెడల్పు. చైనా క్లే ఒక కిలోకి ఎసిటోన్ కలుపుతూ వడియాల పిండిలా చేసి, మరక దాటి రెండు అంగుళాలు వచ్చేలా 6 మిల్లీమీటర్ల మందాన వేశాం. పాలిథీన్ కప్పి 24 గంటలు. తర్వాత కప్పు తీసి ముద్దని ఎండనివ్వాలి, నూనె పైకి వచ్చేది ఆరేటప్పుడే. తడిగా ఉండగానే గోకేస్తే పని సగంలో ఆగినట్టే. ముద్ద ఎండి, బీటలు వారి, అంచుల దగ్గర నూనె రంగు ఎక్కిందంటే అది పని చేసిందని గుర్తు. మూడు విడతలు పట్టింది. మొదటి విడతకి ముదురు మచ్చ లేత గోధుమరంగుకి తగ్గింది, మూడోదానికి పక్క టైల్‌తో దాదాపు కలిసింది.

గడప దగ్గర పసుపు మరకలు. వీటిలో కొన్ని ఎర్రగా ఉన్నాయి, కుంకుమ అనుకున్నారు. కాదు. పసుపుకి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పారాణి చేసేది పసుపులో సున్నం కలిపే కదా. గడప కడిగిన సబ్బు నీళ్ళు కారి అదే జరిగింది. 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో క్లే ముద్ద ఒకసారి వేశాం. మిగిలిన ఛాయని ఎండ తీసేసింది, పసుపు రంగు వెలుతురికి ఆగదు. అసలు కుంకుమ మరక మాత్రం మొండిది. బజారు కుంకుమలో కృత్రిమ రంగులుంటాయి. రెండు టైల్స్ మీద లేత గులాబీ నీడ మిగిలింది, దాన్ని అలాగే వదిలేశాం. ఇంకా రుద్దితే మరక కంటే పెద్ద మచ్చ పడుతుంది.

రోజు 18

వీధి తలుపు నుంచి వంటింటి వైపు నడిచే దారిలో మెరుపు తగ్గింది. దివాన్ కింద పరీక్ష టైల్ మీద 400 నంబరు రెసిన్ ప్యాడ్ (నంబరు పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది) తిప్పి చూస్తే గాజు నునుపు పోయి మసక తేలింది. 800 కూడా ఎక్కువే. చివరికి దారి మీద మాత్రం 1500, 3000 ప్యాడ్లు, తక్కువ వేగంతో, స్పాంజి తడితో రెండేసి సార్లు. మిగతా గచ్చుని మెషిన్ ముట్టుకోలేదు.

రోజులు 19–35: ఆరబెట్టడం

ఇదే అందరూ దాటేసే భాగం. చేయడానికి ఏమీ కనబడదు, ఇంటివాళ్ళకి అసహనం. పగలు పదింటి నుంచి నాలుగింటి వరకు కిటికీలు తెరిచి ఫ్యాన్లు, సాయంత్రం సముద్రపు గాలి తేమతో వచ్చేసరికి మూసేయడం. తడి మాపు పూర్తిగా బంద్, పొడి గుడ్డ మాత్రమే. వరండాలో రోజు 22న షీటు మళ్ళీ వేస్తే లోపల పలుచని ఆవిరి. రోజు 29న బొట్లు లేవు కానీ టైల్ రంగు కొద్దిగా ముదురు. రోజు 34న పొడి.

ఈ మధ్యలోనే సీలర్ ఎంపిక. మూడు విడి టైల్స్ మీద మూడు రకాలు వేసి, ఆరాక ఫిల్టర్ కాఫీ డికాక్షన్, నువ్వుల నూనె, పసుపు నీళ్ళు, చింతపండు పులుసు ఒక్కో బొట్టు పెట్టి నాలుగు గంటలు వదిలాం. యాక్రిలిక్ పూత మీద మరకలేవీ దిగలేదు. కానీ టైల్ వీపుని తడి గుడ్డ మీద ఒక రాత్రి ఉంచితే పూత పాలరంగుకి తిరిగింది. వరండాలో జరిగింది మళ్ళీ కళ్ళముందు జరిగినట్టే. సిలేన్ సిలోక్సేన్ రకం నీటిని ముత్యంలా నిలబెట్టింది, నూనెని ఆపలేదు. పూజగది ఉన్న ఇంటికి అది చాలదు. ఫ్లోరోపాలిమర్ ఉన్న, లోపలికి ఇంకే రకం నీటిని, నూనెని రెండింటినీ ఆపింది, కింది ఆవిరిని పోనిచ్చింది. దాన్నే తీసుకున్నాం.

చింతపండు మాత్రం మూడింటి మీదా మెరుపు తినేసింది. లోపలికి ఇంకిపోయే సీలర్లు టైల్ ముఖాన్ని కప్పవు, యాక్రిలిక్ పొర పలుచన. మరక వేరు, పులుపు కొరకడం వేరు. సీలర్ మొదటిదాన్ని ఆపుతుంది, రెండోదాన్ని ఆపదు. అమ్మేవాళ్ళు ఈ తేడా చెప్పరు.

రోజు 36: సీలర్

పొద్దున ఏడింటికి మొదలు. ముందు రోజు పొడి వాక్యూమ్, ఆపైన టాక్ క్లాత్, అంటే దుమ్ము అంటుకునే జిగురు గుడ్డ. కాళ్ళకి శుభ్రమైన నూలు మేజోళ్ళు. ఫ్యాన్లు ఆపాలి, లేకపోతే సీలర్ లోపలికి దిగేలోపే పైన ఆరిపోతుంది. గొర్రెబొచ్చు అప్లికేటర్‌తో 40, 50 చదరపు అడుగులు తడిపి, పది నిమిషాలు తడిగానే ఉంచి, ఎక్కడ తాగేసిందో అక్కడ ఇంకాస్త రాసి, మిగిలినదంతా పాత నూలు పంచె గుడ్డతో పొడిగా తుడిచేయాలి. మెరిసే తడి ఒక్క చుక్క కూడా మిగలకూడదు.

తలుపు వెనక నాలుగు టైల్స్ మీద తుడవడం ఆలస్యమై జిడ్డు మచ్చలు పడ్డాయి. గోకితే పోదు. అదే సీలర్ కొంచెం పైన రాసి, రెండు నిమిషాల్లో పాతది మెత్తబడ్డాక గట్టిగా తుడిస్తే పోయింది.

మూడు గంటల తర్వాత రెండో కోటు. మొదటి కోటుకి 3.6 లీటర్లు, రెండోదానికి 2.1. పూజగది చిన్నదైనా దాని వాటా కంటే ఎక్కువే తాగింది. నూనె తీసేసిన చోట రంధ్రాలు ఖాళీ కదా. 24 గంటలు నడక లేదు, మూడు రోజులు నీళ్ళు లేవు, వారం వరకు సామాను ఈడ్చకూడదు.

రోజు 40

హాల్లో మాత్రమే కార్నోబా పేస్టు వ్యాక్స్, 200 గ్రాములు. గుడ్డకి కనీకనబడనట్టు అంటించి రాసి, అరగంట తర్వాత రుద్దాం. వరండాకి వ్యాక్స్ లేదు, తడి కాలు జారుతుంది.

"మా అత్తగారు కొబ్బరినూనె గుడ్డతోనే తుడిచేవారు, అద్దంలా ఉండేది" అన్నారు బామ్మగారు. నిజమే. సీలర్ లేని గచ్చుకి అది సరైన పద్ధతి. గుడ్డకి నాలుగు చుక్కలు, రోజూ తుడుపు, రోజూ పాదాల రాపిడి ఉంటే నూనె పేరుకోదు. కొబ్బరినూనె ఎన్నటికీ ఎండి గట్టిపడదు, కాబట్టి వారానికోసారి ఒంపి వదిలేస్తే దుమ్ము పట్టి నల్లని జిడ్డవుతుంది. సీలర్ వేశాక దాని అవసరం లేదు.

అప్పగింతలో చెప్పినవి: పొద్దున మెత్తని చీపురు, తర్వాత గట్టిగా పిండిన మాపు, నీరు తాగే నీటి టీడీఎస్‌కి దగ్గరగా ఉన్నది. వారానికోసారి న్యూట్రల్ క్లీనర్, లీటరుకి 5 మిల్లీలీటర్లు. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్, సోడా, నిమ్మ, వెనిగర్ ఏవీ వద్దు. తెల్ల ఫినాయిల్ హాని చేయదనుకుంటారు కానీ జిడ్డు పొర వదిలి మెరుపుని మసకబరుస్తుంది. వీధి గుమ్మం బయట కొబ్బరి పీచు పట్టా తప్పనిసరి, చెప్పుల కింద ఇసుక ఈ గచ్చుకి ఉప్పుకాగితంతో సమానం. లోపల రబ్బరు అడుగున్న పట్టాలు వేయొద్దు, కింద చెమ్మ నిలుస్తుంది, రబ్బరు మచ్చ పడుతుంది. పొడి ముగ్గు పెట్టొచ్చు, తుడిచేటప్పుడు రాయకుండా ఊడ్చాలి. జాజు మాత్రం మెట్ల రాయి మీదే.

రోజు 46: ఉగాది మర్నాడు

పచ్చడి గిన్నె హాల్లో ఒలికింది. వెంటనే తుడిచినచోట ఏమీ లేదు. సోఫా కాలి పక్కన ఎవరూ చూడని ఒక బొట్టు రాత్రంతా ఉండి, పావలా కాసంత మసక పడింది. మామిడికాయ, చింతపండు రెండూ పులుపే మరి. 3000 ప్యాడ్ ముక్కని చేత్తో పట్టి, తడితో అర నిమిషం రుద్ది, ఆరాక సీలర్ చుక్క వేసి తుడిచి, పైన వ్యాక్స్. పక్కకి వంగి చూస్తే తప్ప తెలియడం లేదు.

రోజు 60

నీటి బొట్టు పరీక్ష: హాలు, పూజగదిలో పది నిమిషాలైనా బొట్టు గుండ్రంగా నిలిచింది. వరండా గోడ వరసలో ఐదు నిమిషాలకి అంచు కొద్దిగా పరుచుకుంది. ఒక్క టైల్ మూలలో మళ్ళీ తెల్ల పొడి. బయట చూస్తే ఏసీ గొట్టం జాయింట్ ఊడి, నీళ్ళు గోడ పాదంలో పడుతున్నాయి. ఈసారి సాల్వెంట్ సిమెంటుతో అతికించి గోడకి క్లాంపులు రెండు బిగించాం. పొడిని పొడిగానే బ్రష్ చేశాం, సీలర్ ముట్టుకోలేదు, అది ఆవిరిని పోనిస్తోంది. వరండాకి మళ్ళీ బొట్టు పరీక్ష వానలు వెళ్ళాక, జనవరిలో.